ఎడమకే తిరిగిన ఉస్తాద్

శుక్రవారం మధ్యాహ్నం సౌదీలో, ధహ్రాన్‌లోని మా క్యాంపు మెస్సులో ప్లేటు పట్టుకుని వరసలో నిలబడి ఉండగా చాంపియన్ కూతురు అమెరికా నుంచి ఫోన్ చేసింది. నాన్న నిద్రలోనే పోయారు, అంది. పత్రికల వాళ్ళకు తర్వాత చెప్పినా ఫరవాలేదు, ఉస్తాద్‌కు మాత్రం ముందు చెప్పు అని ఎప్పుడో చెప్పిపెట్టారట. ఉస్తాద్ అంటే నేనే. ఆయన కూడా ఉస్తాదే. అదెట్లాగో తర్వాత చెబుతాను.

నేను వరసలోంచి బయటికొచ్చి గోడ పక్కన కూర్చున్నాను. నా గదిలో ఉండే కరీంనగర్ తమ్ముడు రెండు ప్లేట్ల బిర్యానీ తెచ్చి ఒకటి నా ముందు పెట్టాడు.

"ఏమైందన్నా?"

"చాంపియన్ పోయినాడు."

"మన మూడుసార్ల చాంపియనా?" అని నా పక్కన కూర్చుని, "మంచోడుండె ముసలాయన. తిను, సల్లారితది," అన్నాడు.

మీరు తప్పుగా అనుకోకూడదు. ఆయన అమెరికాలో చాంపియన్ అయింది ఒక్కసారే. మూడుసార్లు అన్నది ఇక్కడ డ్రైవింగ్ లైసెన్సు పరీక్షకు వెళ్ళిన లెక్క.

ఆయన గెలిచిన కప్పుల సంగతి వాళ్ళ దేశం పత్రికలు రాసుకుంటాయి. అయినా చదివేవాళ్ళకు ముందూ వెనకా తెలియాలి గదా. అమెరికాలో స్టాక్ కార్ రేసు అని ఒకటుంది. పైకి చూస్తే బజారులో తిరిగే కారే. లోపల హారన్ లేదు, వేగం చూపే మీటరు లేదు. తలుపు తెరుచుకోదు, కిటికీలోంచి దూరాలి. ముందుండే లైట్లు కూడా అంటించిన బొమ్మలే. అలాంటివి ఓ నలభై కార్లు గుండ్రటి బాట మీద ఒకదాన్నొకటి రాసుకుంటూ, గానుగెద్దులకు పిచ్చెక్కినట్టు, ఎప్పుడూ ఎడమకే తిరుగుతాయి. ఇదంతా ఫోన్‌లో రాయచోటిలో ఉన్న మా ఇంటావిడకు చెబితే, ఆమె ఓపిగ్గా విని, "ఐదొందల మైళ్ళు తిరిగి బయలుదేరిన తావుకే వస్తాడా? దానికి కప్పు ఇస్తారా?" అంది. ఇస్తారన్నాను. "అట్లయితే నీకూ ఒకటి ఇయ్యాల. నువ్వూ ముప్పై ఏండ్లుగా ఎగ్జిట్ రీఎంట్రీ వీసా మీద తిరుగుతానే ఉండావు," అంది. ఆ తర్వాత నేను రేసుల గురించి ఇంట్లో మాట్లాడలేదు.

ఆయన తండ్రి పల్లెల్లో పాలవ్యాను తోలేవాడట. గులకరోడ్డు మీద పాలు ఒలకకుండా మలుపు తిప్పడం ఆ వ్యానులోనే నేర్చుకున్నానని చెప్పేవాడు. తర్వాత మట్టిబాటల మీద పాతకార్ల పందేలు, ఆ తర్వాత పెద్ద బాటలు, ఒక ఏడు దేశానికంతా చాంపియన్. రెండేళ్ళకు గోడకు గుద్దుకుని తొడ విరిగింది. ఎముక అతుక్కుంది, స్పాన్సర్ అతుక్కోలేదు. అక్కడ రేసుగాడికీ స్పాన్సర్ ఉంటాడు, మనకు ఇక్కడ వీసా ఇచ్చిన కఫీల్ ఉన్నట్టు. వాడు వద్దంటే బండి దిగాల్సిందే. ఆయన స్పాన్సర్ సాసేజీలు అమ్మేవాడట. సాసేజీ బొమ్మ ఉన్న టోపీ పెట్టుకుని పెళ్ళిళ్ళకూ చావులకూ కూడా పోవాల్సి వచ్చేదట. నా కఫీల్ చాలా చేశాడు గానీ నా నెత్తిన సాసేజీ అయితే పెట్టలేదు.

ఎక్కడున్నాను? ఆయన ఇక్కడికి రావడం దగ్గర. డెబ్బైకి దగ్గర పడ్డాక, డ్రైవర్లకు జాగ్రత్తగా బండి తోలడం నేర్పే పని మీద ఒక కాంట్రాక్టరు ఆయన్ని ధహ్రాన్‌కు రప్పించాడు. మూడు నెలల ప్రొబేషన్. ఆలోగా సౌదీ లైసెన్సు చేతికి రావాలి, రాకపోతే ఎగ్జిట్ కొట్టి పంపిస్తారు. అమెరికా లైసెన్సు ఉన్నవాళ్ళకు ఇదో పనే కాదు, అది చూపిస్తే ఇది ఇచ్చేస్తారు. అయితే చాంపియన్ గారి లైసెన్సుకు కాలం చెల్లి ఎన్నో ఏళ్ళయింది. రేసులో దాన్ని ఎవరూ అడగరట. దాంతో మీసాలు రాని పిల్లలతో కలిసి ఆయన పరీక్షకు కూర్చోవాల్సి వచ్చింది. అది చేతికొచ్చే దాకా ఆయన్ని తిప్పడానికి క్యాంపు వ్యానుతో పాటు నన్నూ కేటాయించారు.

మొదటి రోజే నేను ఆయన్ని ఉస్తాద్ అన్నాను. మా లారీ లైన్లో క్లీనర్ డ్రైవర్ని అలాగే పిలుస్తాడు. మంచిపేరే, ఉంచుకుంటాను అన్నాడు. పక్క సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని, పిల్లవాణ్ణి బడికి తీసుకెళుతున్నట్టు కూర్చునేవాడు. నేను నూట పది దాటితే ఎడమకాలు బ్రేకు తొక్కినట్టు నేలకేసి నొక్కేవాడు. "మీరు మూడొందలు పోయినవారు, దీనికే భయమా?" అని ఒకసారి అడిగాను. "అక్కడ అందరూ ఒకే వైపు పోతారు, అంబులెన్సు ముందే నిలబడి ఉంటుంది. ఇక్కడ ఆ రెండూ లేవు," అన్నాడు.

ఒకసారి అల్ ఖర్జ్‌లో ఒక పాల డెయిరీకి తీసుకెళ్ళాను. గేటు దగ్గర ఆగివున్న పాల ట్యాంకరుకు చెవి ఆనించి, ఒక టైరెక్కి ఊపి, "ఇది సగమే నిండింది. మలుపులో పాలే దీన్ని పడేస్తాయి. నెమ్మదిగా పొమ్మను," అన్నాడు. ఆ డ్రైవర్ పెషావర్ వాడు. ఈ ముసలాయన ఎవరని నన్ను అడిగాడు. ఆలోచించి, పాలవాడి కొడుకని చెప్పాను. వాడు వెంటనే నమ్మాడు. చాంపియన్ అని ఉంటే నమ్మేవాడు కాదు.

మొదటి పరీక్ష రోజు ముందుకు పోవడమంతా పెరుగు కోసినంత నున్నగా పోయింది. అంతకుముందు చిన్న ఆలస్యం జరిగింది. బండి దగ్గరికి వెళ్ళగానే ఆయన అలవాటు కొద్దీ కిటికీలోంచి ఒక కాలు లోపల పెట్టాడు. మురూర్ పోలీసు, అంటే ఇక్కడి ట్రాఫిక్ వాడు, ఆ కాలు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత రివర్సు. గీతల మధ్యకు వెనక్కి రావాలి. మూడు కోన్లు పడ్డాయి.

రెండోసారి తలుపు నుంచే ఎక్కాడు. రెండు కోన్లు పడ్డాయి.

"ముప్పై మూడు శాతం ఇంప్రూవ్‌మెంట్ అన్నా," అన్నాడు కరీంనగర్ తమ్ముడు, సాయంత్రం చాయ్ తాగుతూ. "గిట్లనే పోతే నాలుగోసారికి పాసైతడు."

నాలుగోసారి అన్నది లేదు. ప్రొబేషన్ అయిపోవడానికి ఇక మూడు వారాలే ఉంది. ఆ రోజు తిరిగి వస్తుంటే ఆయన ముందు అద్దంలోంచి రోడ్డు చూస్తూ అన్నాడు: "మా ఊళ్ళో ఇక ఎవరూ నన్ను స్టీరింగ్ ముందు కూర్చోనివ్వరు. నా కూతురు కూడా. ఇది పోతే మిగతా అంతా వెనక సీటే." ఆయన నోట అలాంటి మాట వినడం అదే మొదలు. నేను ఏసీ పెంచాను.

మరుసటి రోజు గోదాము వెనక ఖాళీ నీళ్ళ క్యాన్లు నిలబెట్టి సాధన మొదలుపెట్టాం. పది నిమిషాల్లో నాలుగు క్యాన్లు చితికాయి. అవి మెస్సు క్యాన్లు, వాటికి జవాబు చెప్పాల్సింది నేను. వాటిని కాపాడుకుందామని దిగి వ్యాను వెనక్కి పోయి, ఆలోచన లేకుండా బాడీ మీద అరచేత్తో తడుతూ, "రానీ... రానీ... రానీ..." అన్నాను. రెండు దెబ్బలు గట్టిగా కొట్టి "ఆపు" అన్నాను. కడప లారీల్లో వెనక్కి పెట్టించే పద్ధతి అదే. వ్యాను బీరువా సొరుగు మూసుకున్నట్టు వచ్చి రెండు క్యాన్ల మధ్య ఆగింది.

ఆయన గబగబా దిగాడు. "ఏం చేశావు నువ్వు?"

మా క్లీనర్ల సంగతి చెప్పాను. అప్పుడాయన తన సంగతి చెప్పాడు. రేసులో డ్రైవర్‌కు పక్కన ఏముందో కనిపించదట. గ్యాలరీ పైకప్పు మీద ఒక మనిషి రేడియో పట్టుకుని నిలబడి, పక్కన ఉన్నాడు, ఇంకా ఉన్నాడు, పోయాడు, రా, అని చెవిలో చెబుతూ ఉంటాడు. ఆయనకు ఆ మనిషి ఇరవై ఏళ్ళు ఒకడే. అసలు వృత్తి ప్లంబర్ పని. "నాకు అద్దాలు చూడటం రాదు. నా అద్దాలు కప్పు మీద నిలబడి ఉండేవి," అన్నాడు. ఇక రివర్సు అంటారా, షెడ్డులో నలుగురు మెకానిక్కులు వెనక్కి తోసేవారట.

తర్వాత అడిగాడు, "మీ దేశంలో ప్రతి లారీకీ ఇలాంటి మనిషి ఉంటాడా?"

"ప్రతి లారీకీ."

"మాకు పెద్ద టీములకే," అన్నాడు, కొంచెం అసూయగానే. "అయితే నువ్వూ ఉస్తాదే." ఆనాటి నుంచి ఒకరికొకరం ఉస్తాద్‌లం.

మరి పరీక్షలో నన్ను లోపలికి రానివ్వరు. మీకు మీరే చెప్పుకోండి అన్నాను. ఇంగ్లీషులో చెప్పుకుని చూశాడు. క్యాను పడింది. "ఇంగ్లీషులో అయితే అది నా మాటే అవుతుంది. నా మాట నేను విని ఉంటే చాంపియన్ ఎట్లా అయ్యేవాణ్ణి? నీ మాట నేర్పు," అన్నాడు.

అలా అమెరికా చాంపియన్‌కు రాయచోటి తెలుగు మొదలైంది. నాలుగో రోజు కరీంనగర్ తమ్ముడు అడ్డం తగిలాడు. "రానీ ఏందన్నా? రానియ్ అనాలె. గంత పెద్దమనిషికి తప్పు నేర్పుతున్నవ్."

"మా తావున ఇట్లనే అంటారప్పా. లారీలు వింటాండాయి గదా."

"మా లారీలు ఇనవు."

ఆయన ఇద్దరి వాదనా శ్రద్ధగా విని, భాష తెలియకపోయినా విషయం పట్టేశాడు. "ఒక రేడియోలో ఒకే గొంతు ఉండాలి," అన్నాడు. తమ్ముడు ఓడిపోయినట్టు ఒప్పుకోలేదు గానీ, మరుసటి రోజు నుంచి క్యాన్లు తనే నిలబెట్టాడు.

మూడో పరీక్ష జరిగిన రోజు ఎండ నెత్తిన ఉంది. కంచె బయట మేమిద్దరం. లోపల అదే పోలీసు. బండి ముందుకు పోయింది, తిరిగింది, గీతల ముందు ఆగింది. కిటికీ అద్దం దిగింది. ఎడమచెయ్యి బయటికొచ్చి తలుపును తట్టడం మొదలుపెట్టింది.

"రానీ... రానీ..."

నా గొంతే. నా దగ్గు కూడా మధ్యలో వేశాడు, అది కూడా పాఠంలో భాగమనుకుని. పోలీసు కంచె దగ్గరికొచ్చి, ముసలాయన ఏం చదువుతున్నాడు, దుఆనా, అంటే ప్రార్థనా, అని అరబ్బీలో అడిగాడు. మా ఊరి దుఆ అన్నాను. తలూపి వెనక్కి వెళ్ళాడు. తమ్ముడు నా భుజం పట్టుకుని, "రానియ్, రానియ్," అని గొణుగుతున్నాడు.

రెండు దెబ్బలు గట్టిగా పడ్డాయి. "ఆపు."

కోన్లన్నీ నిలబడే ఉన్నాయి. పోలీసు కాగితం మీద ఏదో రాసి, బొటనవేలు పైకెత్తి చూపించి, తర్వాతి బండి దగ్గరికి నడిచాడు. ఆ తర్వాత ఆయన ఇక్కడ ఆరేళ్ళు పనిచేశాడు. కువైట్ సరిహద్దులోని ఖఫ్జీ దాకా ఆయన చేతి కింద నేర్చుకున్న డ్రైవర్లున్నారు. వాళ్ళలో సగం మందికి, ఏ దేశం వాళ్ళయినా సరే, "రానీ" అంటే తెలుసు. వాళ్ళ కథలు వాళ్ళు చెప్పుకుంటారు.

నాకు మిగిలింది ఆ రోజే. ఇంజన్ ఆపేశాడు, కానీ దిగలేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని కంచె వైపు, నా వైపు చూస్తూ కూర్చున్నాడు. ఏమైందని తమ్ముడు అడిగాడు. నాకు కొంచెం ఆలస్యంగా వెలిగింది. కప్పు మీది మనిషి అయిపోయిందని చెప్పేదాకా రేసు అయిపోయినట్టు కాదు. ఆయన చెవి పెట్టుకుని ఉన్నాడు. అయిపోయింది ఉస్తాద్, దిగు అనాలి నేను. అంతే మాట. ఆ మాట అనకుండా కంచె పట్టుకుని నిలబడే ఉన్నాను. కోన్ల మధ్య ఆ తెల్లబండి, కిటికీలో చెమటతో మెరుస్తున్న ఎర్రటి ముఖం, తొందర లేకుండా, నా నోటి వైపే చూస్తూ.