ఒక్క పేరున్న హాజరు పుస్తకం

మొన్న మా అమ్మాయి కొత్త ల్యాప్‌టాప్ పెట్టె విప్పగానే ప్లాస్టిక్, థర్మాకోల్ కలిసిన వాసన గదంతా పరుచుకుంది. కాలేజీ మెయిలు చూపిస్తే విద్యార్థులకు ధర తగ్గించారట. మంచం మీద కూర్చునే కొనే పని ముగించింది. ప్రభువుకు స్తోత్రం చెప్పుకుని, బీరువా అడుగున ఉన్న అమ్మ పాత హాజరు పుస్తకాన్ని బయటికి తీశాను.

మాది మండపేట. కోతలయ్యాక రైసుమిల్లుల ఊక దుమ్ము లేచి, ఆరేసిన బట్టల మీదా, అరుగుల మీదా, క్రిస్మస్‌కి అమ్మ వండి పళ్లెంలో పెట్టిన గులాబీ పువ్వుల మీదా సన్నగా వాలేది; ఉబ్బసంతో పిల్లికూతలు పెట్టే నా ఛాతీకి ఆ గాలి పడక నాలుగో తరగతి తరవాత బడి మానిపించారు. టీచరు ట్రైనింగ్ చేసిన అమ్మే ఇంట్లో బడి పెట్టింది. మిల్లు సైరనే మా గంట. ముందు ప్రార్థన, ఆపైన హాజరు. ఎదురుగా పీట మీద నేనొక్కదాన్నే ఉన్నా, పుస్తకం తెరిచి "కె. సునీత" అని పిలిచేది. "ప్రెజెంట్ మేడమ్" అనేదాన్ని. దగ్గుతో మంచం పట్టిన రోజుల్లోనూ పక్కన కూర్చుని పిలిచేది. "మీ క్లాసులో ఫస్టు ఎవరమ్మా?" అని నాన్న ఆటపట్టించేవారు. లాస్టూ నేనే.

నా పద్నాలుగో ఏట, రాజమండ్రిలో ఒక షాపువాళ్లు విద్యార్థులకు కంప్యూటర్లు తక్కువకిస్తున్నారని నాన్న కబురు తెచ్చారు. గుమ్మం దాటలేని పిల్ల దగ్గరికి లోకమే వస్తుందని ఆయన ఆశ. ఆ ధరకైతేనే మిల్లు గుమాస్తా అయిన ఆయనకి అందేది. ముక్కుకి తడి రుమాలు కట్టుకుని అమ్మానాన్నలతో బస్సెక్కాను.

"స్కూలు బోనఫైడ్ తెచ్చారాండి?" అన్నారు షాపాయన, మర్యాదగానే. అమ్మ సంచిలోంచి హాజరు పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. ఆయన పేజీలు తిప్పారు.

"ఒక్క పేరే ఉందేంటండి?"

"ఉన్నది ఒక్కర్తే కదండి మరి."

"ఇది చెల్లదండి. తెలిసిన హెడ్మాస్టరు గారి చేత, మా స్కూల్లోనే చదువుతుందని రాయించుకొచ్చేయండి. అందరూ చేసేదే."

నాన్న ముఖం వెలిగింది. "దానికేముందండి, రేపే తెచ్చేస్తాను."

అమ్మ పుస్తకం మూసింది. "వద్దండి. పిల్ల ఇంకో బడికెళ్తుందని కాయితం తెచ్చుకుంటే, ఇందులో నేను రాసిందంతా అబద్ధమైపోద్ది."

షాపులో చూడ్డానికి పెట్టిన కంప్యూటర్ కీబోర్డు మీద ఆనించిన వేలు నేనే తీసేసుకున్నాను. తిరుగు దారిలో, తాపేశ్వరంలో నాన్న కొనిపెట్టిన కాజా పాకం నా చేతిలోనే కారిపోయింది, తినలేదు.

మర్నాడు సైరన్ మోగింది. ప్రార్థన చివర నేను ఆమెన్ అనలేదు. "కె. సునీత" అంది అమ్మ. పలకలేదు. మళ్లీ పిలిచింది. కిటికీలోంచి ఎగిరే ఊక చూస్తూ కూర్చున్నాను.

"కూర్చున్నావు గానీ తల్లీ, వచ్చినట్టు లేవు," అని మెల్లగా అని, ఏదో రాసి, లెక్కల పుస్తకం తెరిచింది.

కంప్యూటర్ కొన్నేళ్లకి, పూర్తి ధరకే వచ్చింది. ఇప్పుడు ఆ మిల్లు లేదు, సైరనూ లేదు. అమ్మ ప్రభువు సన్నిధికి వెళ్లిపోయింది. ఆ పీట మీద కూర్చోబెట్టి నాకింత చదువిచ్చినందుకు ఆయనకు రోజూ కృతజ్ఞత చెప్పుకుంటాను గానీ, ఆ రోజు పేజీ తెరవడానికి మాత్రం ఇన్నాళ్లూ చెయ్యి రాలేదు.

మొన్న తెరిచాను. అన్ని గడుల్లోనూ ప్రెజెంటే. ఆ ఒక్క గడిలో, అదే గుండ్రటి దస్తూరిలో, ఆబ్సెంట్. అమ్మ నా కోసం కూడా అబద్ధం రాయలేదు.

ఆ గడి మీద వేలుంచి, మా అమ్మాయికి వినబడకుండా, "ప్రెజెంట్ మేడమ్" అన్నాను.