కవర్లో సముద్రపు గుర్రం
తొంభైల చివర్లో ఒక జడివానకి యలహంక వెళ్లే మా బస్సు రైలు వంతెన కింద ఆగిపోయింది. లోపలికి మురికినీళ్లు ఎక్కుతున్నాయి. నాకు ఈత రాదు. సీటెక్కి పైకమ్మీని గట్టిగా పట్టుకున్నాను.

పక్కనున్న పొట్టి మనిషి చేతిలో, గాలాడాలని మూతి విప్పిన నీళ్ల కవరు. అందులో ఒక సముద్రపు గుర్రం ప్లాస్టిక్ గాజుకి తోక చుట్టుకుని ఉంది.

"కడుపుతో ఉండాదప్పా. వీటిలో మొగదే పిల్లల్ని మోస్తాది. ఉప్పునీళ్లలో బతికేది, ఈ నీళ్లు కలిస్తే చచ్చిపోతాది. మీరు పొడుగుండారు, ఎత్తి పట్టుకోండి."

కమ్మీ వదిలి, రెండు చేతులతో కవరు ఎత్తాను. బస్సు కదిలేదాకా దించలేదు.

జనం బస్సును తోసి బయట పడేశాక అతను కవరు తీసుకుంటూ, "మీకి ఈత వచ్చునేమో, భయపడనే లేదు" అన్నాడు.

వానలో వంతెన కింద బస్సు ఆగితే ఇప్పటికీ నా చేతులు పైకి లేస్తాయి, కమ్మీ కోసం కాదు.