మాణిక్యం మౌనవ్రతం

చేవెళ్లలో అవుసుల మాణిక్యం పుస్తెలు చేయడంలో పెట్టింది పేరు. పెళ్లి కుదిరిందంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ముందు ఆయన అరుగు మీదికే వచ్చేవారు. రెడీమేడ్ నగల దుకాణాలు బస్టాండు దాకా వచ్చేశాక ఆ అరుగు బోసిపోయింది. పసిపిల్లల చెవులు కుట్టడం, తెగిన గొలుసులు అతకడం తప్ప చేతికి పని లేదు. కుంపటి రాజుకోని రోజున ఆయన భార్య నిర్మలమ్మ ముఖం చూడడానికి కూడా మొహమాటపడేవాడు.

అలాంటి రోజుల్లో సింధుజ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. సిటీ అమ్మాయి. మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో వెండి నగల దుకాణం పెట్టింది. అన్నీ చేతితో చేసినవే ఉండాలి, అన్నిట్లోనూ కర్మ అనే భావం కనబడాలి, అదీ ఆమె పట్టుదల. కొసలు రెండూ ఎదురెదురుగా వచ్చి ఆగే ఉంగరం, మొదలూ చివరా దొరకని ముడి, అప్పుడే పగులుతున్న గింజలాంటి లాకెట్టు, ఇలా బొమ్మలు గీసి తెచ్చింది.

"మనం చేసింది మనకే తిరిగొస్తుంది. అదే నా థీమ్, మాణిక్యం గారూ."

"గంతేగదమ్మా. చేసుకున్నోళ్లకు చేసుకున్నంత అంటరు మా దిక్కు," అన్నాడు మాణిక్యం.

ఆ మాట ఆమెకు ఎంత నచ్చిందంటే, నగల డబ్బాల మీద అచ్చు వేయించింది.

మాణిక్యానికి మళ్లీ ప్రాణం లేచొచ్చింది. ముఖ్యంగా ఆ గింజ లాకెట్టంటే ఆయనకు మహా ఇష్టం. పగులు మరీ వెడల్పయితే విరిగినట్టుంటుంది, సన్నగా ఉంటే గీత పడ్డట్టుంటుంది. పగులు సరిగ్గా కుదిరినప్పుడు అరచేతిలో పెట్టుకుని నిర్మలమ్మను పిలిచి మరీ చూపించేవాడు.

ఎండాకాలం మొదట్లో సింధుజ ఒక ప్రదర్శన పెట్టింది. "మీరు అందరి ముందూ కూర్చుని పని చేయాలి," అంది. సరే అనుకుని మాణిక్యం సామాను సర్దుకుని వెళ్లాడు. తీరా వెళ్లాక కాషాయం శాలువా కప్పారు. నుదుటికి విభూతి పూశారు. పక్కన బోర్డు నిలబెట్టారు: "మౌనవ్రతంలో ఉన్న శిల్పి. మంత్రజపంతో ప్రతి నగకూ ప్రాణం పోస్తారు."

"మౌనవ్రతమా? నేనెప్పుడు పట్టినమ్మా?"

"ఒక్కపూటే అండీ, ప్లీజ్. మీరు మాట్లాడితే ఆ ఫీల్ పోతుంది."

తన మాట వినబడితే నగ విలువ తగ్గుతుందన్నమాట. మాణిక్యానికి చురుక్కుమంది. కానీ బోసిపోయిన అరుగు కళ్ల ముందు మెదిలింది. నోరు మూసుకుని కూర్చున్నాడు.

జనం వచ్చారు. గుసగుసగా మాట్లాడుకుంటూ ఫోటోలు తీసుకున్నారు. ఒకామె వంగి కాళ్లకు దండం పెట్టింది. మాణిక్యం చెవులు కాలిపోయాయి. నిజం చెప్పాలంటే, ఆ కాలడంలో కాస్త తీపి కూడా ఉంది.

సరిగ్గా అప్పుడే ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ ముత్తమ్మ వచ్చింది. ముత్తమ్మది మాణిక్యం వాళ్ల ఎదురిల్లే. ఫంక్షన్లలో గిన్నెలు తోమే కూలికి పోతుంది. నిర్మలమ్మ కామెర్లతో దవాఖానలో పడి ఉన్నప్పుడు మాణిక్యం ఇంట్లో పొయ్యి వెలిగించింది ఆమే.

"అయ్యో తమ్మీ! నువ్వేంది గీడున్నవ్? గా శాలువేంది, గా బూడిదేంది?" అని పకపకా నవ్వింది.

అందరూ తిరిగి చూశారు. దూరం నుంచి సింధుజ కూడా చూసింది. మాణిక్యం తల వంచి సుత్తి మీదే చూపు పెట్టాడు.

"నిన్నే తమ్మీ! మాట్లాడవేంది? పానం మంచిగలేదా?" ముత్తమ్మ నవ్వు ఆగిపోయింది. గ్లాసులు కింద పెట్టి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

క్యాటరింగ్ సూపర్‌వైజర్ ఉరికొచ్చాడు. "ఏయ్, స్వామి మౌనంల ఉన్నడు. కనబడ్తలేదా?"

"స్వామేంది సారూ? మా ఎదురింటి మాణిక్యం."

అతను మాణిక్యం వైపు తిరిగి, "ఈమె మీకు ఎరుకేనా?" అని అడిగాడు.

మాణిక్యం తల అడ్డంగా ఊపాడు.

భుజం మీది చెయ్యి మెల్లగా లేచిపోయింది. ముత్తమ్మ ఆయన ముఖంలోకి ఒక్కసారి చూసి, సూపర్‌వైజర్‌తో, "తప్పయింది సారూ. కండ్లు సక్కగ కనబడ్తలేవు. ఎవరో అనుకున్న," అంది. అతను ఆమెను అక్కడికక్కడే పనిలోంచి తీసేశాడు. ఎర్రటి ఎండలో ఆమె గేటు దాటి పోతుంటే మాణిక్యం చూస్తూనే ఉన్నాడు. చేతిలో సుత్తి ఆడుతూనే ఉంది.

ఇంటికొచ్చి విభూతి పోయినా నుదురు రుద్దుకుంటూనే ఉన్నాడు. జరిగిందంతా విని నిర్మలమ్మ, "ఆమె వోసిన గంజి తాగి బతికిన నేను," అని మాత్రం అంది. ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు.

తెల్లవారి మాణిక్యం వెళ్లి ముత్తమ్మ గడపలో నిలబడ్డాడు. ఆమె పుంటికూర తెంపుతోంది.

"అక్కా, తప్పు చేసిన."

"ఏం తప్పు? నీ బువ్వ కోసం నువ్వు తల ఊపినవ్. అది పోవద్దని నేను కండ్లు కనబడ్తలేవన్న. అయిపాయె."

"నీ పని పోయింది గదక్కా."

"షాబాద్ దిక్కు పూలు తెంప పిలుస్తున్నరు. పోత." కాసేపు కూర తెంపి, తలెత్తకుండానే అంది: "నాకైతే మస్తు భయమైంది తమ్మీ. పక్షవాతం గిట్ల వచ్చి నీకు మాట పడిపోయిందనుకున్న. నువ్వు తల ఊపినంక సమజైంది. మంచిగనే ఉన్నవని పానం సల్లవడ్డది."

తిట్టి ఉంటే బాగుండేది. చెంప మీద కొట్టినా తలెత్తుకునేవాడే. ఆ మాటకు మాత్రం నేల చూపులు చూస్తూ ఇంటికొచ్చేశాడు.

సింధుజకు ఫోన్ చేశాడు. "నగలు చేస్తనమ్మా. జనం ముందట మాత్రం కూసోను. గా బోర్డు దియ్యి. నాకు మాటొస్తదని చెప్పు." ఆమె సారీ చెప్పింది. బోర్డు తీసేసిందో లేదో ఆయన వెళ్లి చూడలేదు. పని మాత్రం మునుపటంత రావడం లేదు. గింజ లాకెట్లు చేస్తూనే ఉన్నాడు గానీ, పగులు కుదిరినప్పుడు నిర్మలమ్మను పిలిచి చూపించడం మానేశాడు.

ముత్తమ్మ పొద్దున్నే పూలతోట ఆటో కోసం ఆ అరుగు ముందు నుంచే పోతుంది. మాణిక్యం పనాపి, వాడంతా వినబడేలా, "అక్కా, పోతున్నవా?" అని పలకరిస్తాడు.

"ఆ, పోతున్న," అంటుంది ఆమె, ఆగకుండా.