చిన్నాయన మింగిన గుక్క

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను బెంగళూరులో ఒక పరిశోధనా సంస్థలో రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. పేరు తెలియని పదార్థం ఎవరు తెచ్చిచ్చినా అందులో ఉన్నదేమిటో తేల్చడం మా ల్యాబులో రోజూ ఉండే పని. అందులో నాకు కాస్త చేయి తిరిగింది. ఆ సంగతి ఇంట్లోవాళ్లు ఊరంతా చెప్పుకునేవారు. అందుకే చిన్నాయన ఆసుపత్రిలో పడగానే చిన్నమ్మ మొదట నాకే ఫోన్ చేయించింది.

చిన్నాయనకు దొడ్డబళ్ళాపురం అవతల ద్రాక్షతోట ఉండేది. ఆ రోజు ఎండలో తిరిగి తిరిగి పంపుసెట్టు గదిలోకి వచ్చి, గూట్లో కనిపించిన కూల్‌డ్రింకు సీసా ఎత్తి ఒక గుక్క తాగాడు. నోరు మండిపోతే మిగతాది ఉమ్మేశాడు. అది కలుపు మందు. తోటలో పనిచేసే ఆయన అంగట్లో విడిగా పోయించుకొచ్చి ఆ సీసాలో పెట్టుకున్నాడు. ఏం మందని అడిగితే "గడ్డి మందు" అని ఏడ్చాడు. అంగడాయన భయపడి అసలు నోరే విప్పలేదు.

నేను వెళ్లేసరికి చిన్నాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. పెదవులు పొక్కాయి, మాట మాత్రం బాగానే ఉంది.

"ఏమీ లేదప్పా, నోరు కాలింది, అంతే. మీ చిన్నమ్మ ఊరికే గాబరా పడతా ఉండాది" అన్నాడు.

డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. "గడ్డి మందుల్లో చాలా రకాలున్నాయి. కొన్నయితే ఒక్క గుక్కకి ప్రాణభయం ఉండదు. ఒకటుంది, దానికి విరుగుడు లేదు. నాకు అదేనేమోనని అనుమానం. మీరు ఖాయం చేసి చెప్పగలరా?" అన్నాడు.

చెప్పగలనన్నాను. తోట నుంచి వెంట తెచ్చిన ఆ సీసాలోంచి కాస్త ఒక చిన్న గాజు గొట్టంలో పోయించుకుని, మూత బిగించి, ఆటోలో ల్యాబుకు తెచ్చాను.

సంగతి వినగానే మా ప్రొఫెసర్ ఎన్.ఎం.ఆర్. మిషన్‌లో నడుస్తున్న శాంపిల్ తీయించేశాడు. అది పెద్ద అయస్కాంతం. అందులో పెడితే అణువులోని ఒక్కొక్క హైడ్రోజన్ తన ఇరుగుపొరుగును బట్టి కాగితం మీద ఒక్కో చోట గీతై లేస్తుంది. ఆ గీతలు చూసి అణువు ఆకారం చెప్పేస్తాం. మామూలుగా దొరికే గడ్డి మందయితే గీతలన్నీ కుడివైపునే ఉండాలి. డాక్టరు భయపడుతున్నదయితే ఎడమ కొసన రెండు లేవాలి. అన్నాళ్లూ గీతలు రావాలని కోరుకుంటూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ని, ఆ రోజు మాత్రం ఎడమ పక్క ఖాళీగా ఉండాలని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

కుడివైపున మందులో కలిపే సబ్బులాంటి పదార్థం తాలూకు గజిబిజి ఉంది. ఎడమ కొసన రెండు గీతలు, రెండూ ఒకే పొడవు, ఒక్కొక్కటీ రెండుగా చీలి, శుభ్రంగా నిలబడ్డాయి. నీటి గీతను ఆనుకుని ఇంకొకటి ఒంటరిగా లేచింది. అంత తేలికైన లెక్క నాకెప్పుడూ రాలేదు. కొత్తగా చేరిన విద్యార్థి కూడా చెప్పేస్తాడు, పారాక్వాట్ అని, విరుగుడు లేని ఆ మందేనని.

ప్రొఫెసర్ కాగితం చూసి, "ఇంకోసారి చేద్దాం" అన్నాడు. అంత స్పష్టంగా వచ్చినదాన్ని మళ్లీ చేద్దామని ఆయన అనగా నేనెన్నడూ వినలేదు. కొత్త గొట్టం కడిగి మళ్లీ చేశాం. వేరే పరికరంలోనూ చూశాం. అదే.

ఫోన్‌లో డాక్టరుకు చెప్పాను. ఆయన అన్నాడు, "ఇకమీదట ఊపిరితిత్తులు గట్టిపడుతూ పోతాయి. ఆయాసం వచ్చినా వీలైనంతవరకు ఆక్సిజన్ పెట్టం. పెడితే ఆ విషం ఇంకా చెలరేగుతుంది. చేయగలిగింది చేస్తాం. ఇంట్లోవాళ్లకు మీరే చెప్పండి."

నేను ఆసుపత్రి మెట్లెక్కేసరికి చిన్నమ్మ ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"కనిపెట్టినావంటనే! డాక్టరు చెప్పినాడు. ఇంక మందు ఇస్తారు కదప్పా?"

"ఇస్తారు చిన్నమ్మా" అన్నాను. చేతులు విడిపించుకుని గదిలోకి నడిచాను. లోపల చిన్నాయన పక్క మంచం ఆయనకు నన్ను చూపించి, "మా అన్న కొడుకు. వీడు చూసేదాకా డాక్టర్లకే తెలీలేదు" అని చెబుతున్నాడు.

రెండో రోజో మూడో రోజో ఆయాసం మొదలైంది. తోటలో కోత ఎంతవరకు వచ్చిందని అడిగే మనిషి మాట మధ్యలో ఆగి గాలి కోసం వెతుక్కునేవాడు. నేను దిండు ఎత్తి పెట్టేవాణ్ని, కిటికీ తెరిచేవాణ్ని. ఒక మధ్యాహ్నం పక్క మంచం దగ్గరున్న సిలిండర్ వైపు చెయ్యి చూపించి, "అది నాక్కూడా పెట్టమనప్పా. నువ్వు చెప్తే వింటారు" అన్నాడు. నాకు పారాక్వాట్ ఆకారం తెలుసు, అది ఊపిరితిత్తుల్లో ఏం చేస్తోందో పుస్తకాల్లో చదివాను. ఆయన చెయ్యి పట్టుకుని, "పెడతారు చిన్నాయనా, కాసేపుండు" అన్నాను.

చివరికి పెట్టారు. కాపాడడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి పెట్టారు. మాస్కు తగిలించగానే చిన్నాయన ముఖంలో ఎంత నెమ్మది వచ్చిందో చూడలేక నేను బయటికి వచ్చేశాను. మరునాడు పోయాడు.

కర్మల రోజున ఇంటి ముందు షామియానా కింద చిన్నమ్మ వచ్చినవాళ్లందరికీ ఒకటే చెప్పింది. "మావోడు కనిపెట్టి చెప్పినాడు. డాక్టర్లకే చేతకాలేదు." వాళ్లంతా నా వైపు తిరిగి, ఎంత చదువుకున్నాడు, ఎంత మంచి పిల్లాడు అన్నట్టు తల ఊపారు. ఆ డాక్టరు చేయగలిగిందంతా చేశాడని చెప్పాలనుకున్నాను. అప్పుడు చిన్నమ్మ, మరి ఎవరివల్ల పోయినాడప్పా అని అడుగుతుంది. తోటలో పనిచేసే ఆయన షామియానా గుంజ పక్కనే, తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూసి మాట మింగేశాను.