మొదటి నీళ్ళు

ఆరోగ్యమ్మ పేరులో ఉన్న ఆరోగ్యం ఆమె ఒంట్లో ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నేను టెలిఫోన్ ఆఫీసులో రిటైరై, చిక్కడపల్లి నుంచి నారాయణగూడలోని మా కతోలిక గుడికి రోజూ పొద్దున పూజకు నడిచి వెళ్ళడం మొదలుపెట్టేనాటికే ఆమె వేళ్ళు వంకర్లు తిరిగి ఉన్నాయి. కీళ్ళవాతమన్నాడు డాక్టరు, చన్నీళ్ళలో చేతులు పెట్టొద్దన్నాడు. ఆమె బతుకంతా చన్నీళ్ళలోనే గడిచింది కాబట్టి ఆ సలహా విని నవ్వి ఊరుకుంది.

పెళ్ళయి జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చింది. భర్త బాలశౌరి ఒక ప్రెస్సులో కంపోజింగ్ చేసి, దగ్గుతో పోయాడు. పిల్లలు లేరు. అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్లో పొద్దున చపాతీలు చేస్తుంది, మధ్యాహ్నం గిన్నెలు తోముతుంది. సాయంత్రం నడుం వాల్చాల్సిన వేళకు గుడి గుడ్డలు ముందేసుకుంటుంది.

ఆ గుడ్డల సంగతి చెప్పకపోతే ఆమె సంగతి చెప్పినట్టు కాదు. పూజలో ఫాదర్ గారు ద్రాక్షరసపు పాత్ర తుడిచే చిన్న తెల్లగుడ్డలు, పీఠం మీద గోధుమ అప్పం కింద పరిచే గుడ్డ, వీటిని మామూలు బట్టల్లా ఉతకరు. ప్రభువు శరీరపు నలుసో రక్తపు చుక్కో వాటికి అంటి ఉంటుందని మా నమ్మకం. అందుకని ముందు ఉత్త నీళ్ళలో జాడించి, ఆ మొదటి నీళ్ళను ఎవరూ తొక్కని చోట మట్టిలో పోయాలి. మోరీలో పోయకూడదు. ఆ తర్వాతే సబ్బు, గంజి, ఇస్త్రీ. ఇందుకోసం ఒకప్పుడు మా గుడిలోనే నేరుగా భూమిలోకి దిగే తొట్టి ఒకటి ఉండేదట. పాలరాయి వేసినప్పుడు అది ఎక్కడ పూడిపోయిందో ఇప్పుడెవరికీ తెలియదు.

ఆరోగ్యమ్మ అశోక్‌నగర్‌లో ఫణీంద్ర గారి ఇంటి వెనక ఒక గదిలో కిరాయికి ఉండేది. ఆ గది ముందు కాస్త నేల, నేలలో నందివర్ధనం చెట్టు. మొదటి నీళ్ళన్నీ దాని మొదట్లోకే వెళ్ళేవి. ఫణీంద్ర గారి తల్లి అరుంధతమ్మ గారికి ఈ సంగతి తెలుసు. తన పూజకు పువ్వులు కోసుకునేటప్పుడు కూడా ఆవిడ ఆ మొదట్లో కాలు పెట్టేవారు కాదు. మా విచారణలో, అంటే ఈ గుడి కిందికొచ్చే క్రైస్తవుల్లో, సగం మందికి ఆ పట్టింపు లేదని నా కంప్లయింటు.

పోయినేడాది వానాకాలంలో ఆరోగ్యమ్మ నన్ను గుడి మెట్ల దగ్గర ఆపింది. సలహాలు ఎక్కువిస్తానని మా వాళ్ళు నన్ను ఆటపట్టిస్తారు గానీ, ఆమె సలహా అడగలేదు.

"ఇగ నాతోని కాదు సారూ. గుడ్డ పిండుతుంటే ఏళ్ళు గుంజుతున్నయ్. ఇంకెవరికన్న ఇయ్యమని ఫాదర్ గారికి జర చెప్పుండ్రి."

చెప్పాను. ఫాదర్ రాయన్న గారు ఆదివారం పూజ చివర, ఈ సేవకు ఎవరైనా ముందుకు రావాలని ప్రకటించారు. అందరం తలెత్తి ఫ్యాన్లు చూశాం. చివరికి గాయక బృందంలో పాడే తన్మయి చేయి ఎత్తింది. హైటెక్ సిటీలో ఉద్యోగం, మంచి పిల్ల. ఆరోగ్యమ్మ ఆ పిల్లకు అన్నీ చెప్పింది గానీ వాషింగ్ మెషీన్ సంగతి తనకేం తెలుసు? వారం తిరక్కుండా తన్మయి గుడ్డలు మల్లెపూవులా తెచ్చిచ్చింది. ఆరోగ్యమ్మ మెచ్చుకుని, మొదటి నీళ్ళు ఎక్కడ పోశావు బిడ్డా అని అడిగింది. నీళ్ళు మెషీనే తీసుకుని మెషీనే వదిలేసిందని, పైపు బాత్రూమ్ జాలీలోకి పెట్టి ఉంటుందని చెబుతూ చెబుతూ ఆ పిల్ల నాలిక కరుచుకుంది. ఏడ్చింది కూడా. ఆరోగ్యమ్మ పిల్ల తల నిమిరి గుడ్డల సంచి మళ్ళీ తన భుజానికి తగిలించుకుంది. ఆ వెళ్ళడం చూస్తే నాకు మా అందరి మీదా ఒళ్ళు మండింది.

క్రిస్మస్ దాటాక ఫణీంద్ర గారు పెరడు చదును చేయించి హాస్టల్ పిల్లలకని గదులు కట్టించారు. ఇంటి లోను కట్టాలి, ఆయన్ని తప్పుపట్టలేం. నందివర్ధనం పోయింది. ఆ నేలంతా సిమెంటు. అరుంధతమ్మ గారు పాపం ఒక పూలకుండీ కొని ఆరోగ్యమ్మ గుమ్మంలో పెట్టించారు. కుండీ అడుగున బొక్క ఉంటుందని, పోసిన నీళ్ళు కారి మళ్ళీ మోరీలోకే పోతాయని ఆవిడకు చెప్పలేక, ఆరోగ్యమ్మ అందులో కొత్తిమీర వేసింది.

ఈలోగా ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సుకాలం వచ్చింది. విభూది బుధవారం నాడు అందరం వరసలో నిలబడ్డాం. మనిషి మన్నేనని, తిరిగి మన్నులోనే కలవాలని గుర్తుచేస్తూ ఫాదర్ గారు మా నుదుట బూడిద రాశారు. ఇన్నేళ్ళుగా వింటున్న మాటే. రాయించుకుని, చిక్కడపల్లి చౌరస్తాలో కర్చీఫుతో చెమట తుడుచుకునేసరికి నా బూడిద పోయింది.

ఆ వారమే ఆరోగ్యమ్మ మూతపెట్టిన స్టీలు లోటాతో ఇంట్లోంచి బయల్దేరింది. అందులో మొదటి నీళ్ళు. సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర చెట్ల కింద మట్టి ఉంది, కానీ ఆ మట్టి మీద పుస్తకాలు పట్టుకుని పిల్లలు కూర్చున్నారు. రోడ్డు మధ్య డివైడర్లో మొక్కలున్నాయి, వాటి మొదళ్ళ నిండా గుట్కా ఉమ్ములు. అట్లాగే నారాయణగూడ దాకా నడిచి గుడికే వచ్చింది. గుడి ఆవరణ గేటు నుంచి, మరియమ్మ బొమ్మ ఉన్న లూర్దుమాత గుహ దాకా పలకలే. వానాకాలం బురదలో జారుతున్నామని ఆ పలకల కోసం పోరుపెట్టిన వాళ్ళలో నేనొకణ్ణి. బురద బురదే కాబట్టి ఆ మాట ఇప్పుడూ వెనక్కి తీసుకోను.

ఆ సాయంత్రం సిలువమార్గం ప్రార్థనకు ముందు పూజవస్త్రాల గదిలో నేనూ ఫాదర్ గారూ ఉన్నాం. ఆరోగ్యమ్మ వచ్చి ఖాళీ లోటా బల్ల మీద పెట్టింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అంతా సిమెంటే ఫాదర్. లోటాడు నీళ్ళు పోసే జాగ దొరకలే. చేతులు గుంజుతున్నయ్, ఆడ ఈడ పోయబుద్ధి కాలే. నేనే తాగిన." కాసేపు ఊపిరి తీసుకుంది. "మొన్న విభూది పెట్టుకుంట మీరే అంటిరి, మనిషంటే మన్నే అని. మన్నుల్నే పోసిన గద. తప్పయిందా?"

ఫాదర్ గారు తప్పేం లేదమ్మా అని మాత్రం, చాలా మెల్లిగా అన్నారు. నాకు సలహా ఒక్కటీ తోచలేదు.

శనివారం ఫాదర్ గారు పిలిపించిన మేస్త్రీ వచ్చి, గుహ పక్కన ఎవరూ నడవని మూల ఒక పలక పెకలించాడు. కింద ఎర్రమట్టి. ఆరోగ్యమ్మ వంగి దాన్ని వంకర వేళ్ళతో కాస్త కెలికి చూసింది. ఆమె మొహంలో సంతోషం కనపడుతుందని నేను ఎదురుచూశాను. అలసట తప్ప ఏమీ కనపడలేదు.

"ఇగ ఎవరన్న పోయొచ్చు" అని లోటా ఆ పక్కనే బోర్లించింది. "నేను పోతున్న ఫాదర్. జర పండుకుంట."

గుడ్డల సంచి పూజవస్త్రాల గదిలో మేకుకే ఉండిపోయింది. మర్నాడు ఆరోగ్యమ్మ పూజకు రాలేదు. ఆదివారం పూజ తప్పడం మాలో పాపం, ఆమె ఎప్పుడూ తప్పి ఎరగదు. నిద్రపోతోందని, లేపబుద్ధి కాలేదని అరుంధతమ్మ గారు ఫోన్ చేసి చెప్పారట. ఫాదర్ గారు సరేనన్నారు.

రెండో పూజ అయ్యాక కూడా సంచి అక్కడే వేలాడుతోంది. కమిటీ వాళ్ళు వచ్చారు, చూశారు, మీటింగులో మాట్లాడదామన్నారు. తన్మయి గుమ్మం దాకా వచ్చి, నన్ను చూసి బెదిరి వెనక్కి వెళ్ళింది. నాకు చిరాకెత్తి నేనే తీశాను. బకెట్లో గుడ్డలు జాడించి, లోటాతో మొదటి నీళ్ళు ముంచుకుని గుహ పక్కకు వెళ్ళి వంగి పోశాను. మట్టి తాగేసింది. లేవబోతే నడుం పట్టేసింది, రెండు చేతులూ పలక మీద ఆన్చి అట్లాగే ఉండిపోయాను. ప్రార్థన చేసుకుంటున్నాననుకుని అందరూ చప్పుడు చేయకుండా పక్కకు తప్పుకుని వెళ్ళారు.