మూడు పక్కల మొక్కు

నిన్న మా మనవరాలు బడిలో ఆటకు కోలాటం కట్టెలు కావాలంది. ఇంట్లో ఉండగా కొత్తవి కొననిస్తానా? అటక మీది పాత జత దింపి, ఆముదం రాసి, గుడ్డతో తుడిచాను. ఆ వాసన ముక్కుకు తగలగానే పాత తిరునాళ్ళ ఆట గుర్తొచ్చింది. ఇంత వయసొచ్చినా ఆ భయం పోలేదు. ఆ కట్టెలు తులశమ్మక్కవి.

మీరు ఆమెను చూసి ఉండరు. ప్రొద్దుటూరులో మా వీధి చివర రేకుల ఇంట్లో ఉండేది. తొమ్మిదేళ్ళప్పుడే నాటకాల కంపెనీలో చేరి, పద్యానికీ పద్యానికీ మధ్య వచ్చే పాటలకు ఆడేది. పులివెందుల పక్క ఒక తిరునాళ్ళలో ఆడుతుండగా స్టేజీ పలక విరిగి కుడి మోకాలు పోయింది. కంపెనీ ఆమె చోట్లో ఇంకొక పిల్లను పెట్టుకుంది. ఆ పిల్లకు అడుగులు నేర్పింది కూడా తులశమ్మక్కే. తరువాత వాళ్ళు ఏ కొత్త నాటకం ఎత్తుకున్నా ఆటలు కట్టడానికి ఆమె దగ్గరికే వచ్చేవారు. నాటకాలు తగ్గాక ఊళ్ళలో ఆడవాళ్ళకు కోలాటం నేర్పేది. నిలబడి చూపలేదు కాబట్టి గచ్చు మీద చింతగింజలు పెట్టి జరిపేది. గింజకొక మనిషి. ఏ గింజ ఎటు తిరిగితే ఎవరికి వీపు కనపడుతుందో అందులోనే చూసుకునేది.

నేను నాలుగో తరగతితో బడి మాని గొర్రెల వెంట తిరిగినదాన్ని. పెళ్ళై ప్రొద్దుటూరు వచ్చాక, ఎనిమిదో మనిషి తక్కువైందని నన్ను పిలిచింది. రెండు రోజులు చూసి అంది: "గొర్రెలు తోలినావు, కాళ్ళకేం బాధ ల్యా సుబ్బీ. చూపే నిలకడ ల్యా. జనాన్ని చూడొద్దు. పక్కదాని మణికట్టు చూడు. కట్టె ఆడికే వస్తాది." ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. కట్టెతో మోచేతి మీద కొట్టి కూడా చెప్పింది.

ఆ ఏడు జమ్మలమడుగు దగ్గర మా పుట్టినూరి తిరునాళ్ళకు మా ఆట కుదిరింది. ఊరు రెండు పార్టీలు. ఒక పార్టీ మనిషి రెండో పార్టీ అంగట్లో టీ తాగినా ఆరోజు పొద్దుగూకకముందే తలుపులు వేసుకునేవాళ్ళు, ఏ గొడవొస్తుందోనని. మా తమ్ముడు ఓబులేసు పడమటి పార్టీలో తిరుగుతున్నాడు. వీధికి పడమటి అరుగుల మీద వాళ్ళు, తూర్పు అరుగుల మీద రెండో పార్టీవాళ్ళు, చివర దేవుడి పల్లకి. తులశమ్మక్క రెండు గిన్నెమూతలు అటొకటి ఇటొకటి పెట్టి, మధ్యన గింజలు జరిపి జరిపి వారం రోజులు ఆలోచించింది. ఆట చివర కట్టెలు జోడించి వంగే మొక్కు పల్లకికే, ఏ అరుగు వైపూ తిరగకూడదని కట్టింది. "ఒక్కరు తప్పినా వాండ్లకు సాకు దొరుకుతాది. తెలిసిందా?" అని ఒక్కొక్కరినీ అడిగింది.

పొద్దు వాలుతుండగా ఆట మొదలైంది. మొదటి చుట్టులోనే ఓబులేసు కనపడ్డాడు. పడమటి అరుగు కింద, కాళ్ళ మధ్య గోనెసంచి పెట్టుకుని కూర్చున్నాడు. దాని మీద చెయ్యి తియ్యడం లేదు. పార్టీ గొడవలకు నాటుబాంబులు అట్లాంటి సంచుల్లోనే వచ్చేవి. ఇక నాకు మణికట్టు లేదు, తాళం లేదు. ప్రతి చుట్టులోనూ ఆ సంచినే చూశాను. ఆఖరి దెబ్బకు ఏడుగురు పల్లకి వైపు తిరిగారు. నేను ఒక్కదాన్నే పడమటికి తిరిగి, మా తమ్ముడి ఎదుట కట్టెలు జోడించి మొక్కాను.

తూర్పు అరుగు మీద ఒకాయన లేచాడు. "ఏందిది? ఊరందరి ఆట అంటిరి, మొక్కు ఆ పక్కకా?" ఆయన వెనక ఇంకా పదిమంది లేచారు. ఓబులేసు చెయ్యి సంచి మూతి విప్పుతోంది.

తులశమ్మక్క కుంటుకుంటూ మధ్యలోకి వచ్చింది. "డోలు నిలపాకు నాయనా, కొట్టు!" అని డోలు కొట్టేవాణ్ణి చూసి అరిచింది. నా పక్కన నిలబడి పడమటికి మొక్కింది. "అందరూ ఇట్లనే! తిరగండి!" ఎనిమిదిమందిమీ మొక్కాం. తూర్పాయన వైపు తలెత్తి, "కూచోప్పా, నీ వంతు వస్తాంది. పెళ్ళి బంతిలో అన్నమైనా ఒక పక్కనుంచే గదా వడ్డించేది?" అంది. ఎవరో ఆడమనిషి ఫక్కున నవ్వింది. నవ్వు అరుగుల మీదికి పాకింది. తూర్పుకు తిరిగి అంతే కిందికి వంగి మొక్కాం, తరువాత పల్లకికి. ఆయన తువ్వాలు దులుపుకుని కూర్చున్నాడు. ఓబులేసు చెయ్యి సంచి మూతి మీదనే ఆగింది.

తిరుగు బస్సులో నేను ఏడుస్తుంటే తులశమ్మక్క అంది: "ఊరుకో. ఒక్కతివి తిరిగితే తప్పు. ఎనిమిదిమంది తిరిగితే ఆట. నేనే కట్టినానని చెప్తా. నువ్వు మాత్రం నోరు తెరవాకు." కొంతదూరం పోయాక, "నీ తమ్మునికి చెప్పు, ఇంగోసారి నా ఆటకు సంచి తెస్తే కట్టెతో కొడతానని" అంది. అప్పుడు చూశాను, చేతిలోని బస్సు టికెట్టును ఆమె నలిపి నలిపి ఉండ చేసేసింది.

ఆ తరువాత ఊరూరా అదే అడిగారు. పులివెందుల పక్కనుంచి మనుషులొచ్చి, "మూడు పక్కల మొక్కు ఉండేది కావల్ల" అని ఒప్పందం చేసుకునేవారు. పూర్వం నుంచీ వస్తున్న ఆట అనుకున్నారు. చనిపోయేదాకా ఆమె అది తన ఆటేనని చెప్పింది. సంచిలో ఏముందో నేను అడగలేదు. ఓబులేసు చెప్పలేదు. వాడు ఇప్పుడు మోకాళ్ళ నొప్పులని సణుగుతూ గొర్రెల దొడ్డి దగ్గర కూర్చుంటాడు. ఆ సణుగుడు వినడం నాకు ఇష్టం.

ఇప్పటికీ నలుగురున్న చోటికి పోతే ముందు వాళ్ళ చేతులు చూస్తాను. ఆ తరువాతే ముఖాలు.

ఇవాళ మనవరాలు బడినుంచి వచ్చి, "అవ్వా, మాకు నేర్పేది మూడు పక్కల మొక్కే. టైం చాలదంట. పక్క మొక్కులు రెండూ తీసేస్తామంటాంది టీచర్" అంది.

"తియ్యొద్దని చెప్పు."

"ఎందుకంటే ఏం చెప్పాల?"

ఇన్నేళ్ళు మూసుకున్న నోరు. కట్టెలు తీసుకుని పక్కన పెట్టి దాన్ని దగ్గర కూర్చోబెట్టుకున్నాను. "మొదట తప్పు తిరిగింది నేనే పాపా" అని మొదలుపెట్టాను.