చూద్దామన్న మాట

బడి పిల్లలందరికీ ఆవిడ గంటమ్మ. గంట కొట్టేదీ, హాజరుపట్టీలు గదిగదికీ మోసేదీ, సుద్దముక్కలు పంచేదీ ఆవిడే. డిగ్రీ చదివి ఈ పనేమిటని ఎవరైనా అడిగితే, "ఆకలికి డిగ్రీ సంగతేం తెలుసండీ!" అని నవ్వేసేది.

చరిత్ర చెప్పే మాస్టారు రెండేళ్లలో రిటైరవుతారని తెలిసిన రోజున గంటమ్మ ధైర్యం చేసి హెడ్మాస్టరు గదిలోకి వెళ్లింది. "సార్, ఆ పోస్టు నాకిస్తారా?" అని అడిగేసింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "ముందు ఎమ్మే చెయ్యమ్మా, చూద్దాం" అన్నాడు.

సినిమాకి తీసుకెళ్లమంటే నాన్న అనే 'చూద్దాం' ఏ గంగలో కలుస్తుందో పాలుతాగే పిల్లాడికీ తెలుసు. గంటమ్మకు మాత్రం ఆ రోజు అది మాటిచ్చినట్టే వినబడింది. ఆశపడ్డ చెవి అలాగే వింటుంది మరి!

దూరవిద్యలో ఎమ్మే చరిత్ర కట్టింది. పుస్తకాలు పోస్టులో వచ్చేవి. పాఠం చెప్పే మనిషి లేడు, సందేహమొస్తే అడిగే దిక్కు లేదు. పొయ్యి మీద కూర, ఒళ్లో పుస్తకం. కూర మాడితే, బస్సు డ్రైవరైన మొగుడు "ఇవాళ ఏ సామ్రాజ్యం తగలబడిందే?" అని ఆటపట్టించేవాడు. ఆ మాడిన కూరనే మారుమాట్లాడకుండా తినేవాడు కూడా, పాపం.

రెండో ఏడాది మధ్యలోనే మాస్టారు మంచాన పడ్డారు. హెడ్మాస్టరు గంటమ్మని పిలిచి, "కొన్నాళ్లు ఆ క్లాసు కాస్త చూసుకో" అన్నాడు. చూసుకోవడమంటే అల్లరి కాకుండా కాపలా కాయడమే. కానీ గదినిండా పిల్లలు తనవైపే చూస్తూ కూర్చుంటే నోరెలా ఊరుకుంటుంది? పాఠం చెప్పింది. చిన్న తరగతులకు గంట వేళ వేరు. వాక్యం మధ్యలో ఆపి, పరుగున వెళ్లి గంట కొట్టి, రొప్పుతూ వచ్చి మిగతా సగం చెప్పేది. పరీక్షలదాకా అలాగే లాక్కొచ్చింది.

ఎమ్మే పాసైంది. పట్టా తీసుకెళ్తే హెడ్మాస్టరు అటూ ఇటూ తిప్పి చూశాడు. "దూరవిద్యా? అయ్యో! బడి కమిటీవాళ్లు రెగ్యులరుగా చదివినవాళ్లే కావాలంటున్నారమ్మా."

ఎమ్మే చెయ్యమన్న నోటితోనే అన్నాడా మాట! కాలేజీలో కూర్చుని చదువుకునే రాతే ఉంటే ఆవిడ గంటెందుకు కొడుతుంది? అడగాలని గొంతుదాకా వచ్చింది, మింగేసింది. మింగినందుకు దారిపొడవునా తనని తానే తిట్టుకుంది. ఆ రోజు మొగుడు కూడా హాస్యమాడలేదు. "వాడి నోట్లో మన్నుపడ!" అని మాత్రం అన్నాడు.

సెలవులయ్యాక కొత్త టీచరమ్మ వచ్చింది. నిన్నమొన్న చదువు ముగించిన పిల్ల, మంచిదే. హెడ్మాస్టరు గంటమ్మని పిలిపించాడు.

"పోయినేడు పాఠాలు ఎలా చెప్పావో ఈ మేడమ్‌గారికి కాస్త వివరించమ్మా. పిల్లలు నీలాగే చెప్పమంటున్నారట."

గంటమ్మ ఆయన మొహంలోకి సూటిగా చూసింది.

"నేను చెప్పలేదు సార్. మీరు చూసుకోమన్నారు, చూసుకున్నానంతే."

టీచరమ్మ తల దించుకుంది. హెడ్మాస్టరు నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

"అదేంటమ్మా, అంత మాటన్నావ్! నీ సంగతి కూడా వచ్చే ఏడాది చూద్దాంలే."

ఈసారి ఆ మాట గంటమ్మకు సరిగ్గానే వినబడింది. బయటికొచ్చి గంట కొట్టింది.